సేవ అని చదివిన మాట

పదకొండో వారం

ఆంజినమ్మ గోరంట్ల బస్సు దిగి, కొత్తచెరువు మెయిన్‌రోడ్డు దాటుకొని, చౌడేశ్వరి కుట్టు అంగడి మెట్టు మీద కూలబడిన దగ్గర కిందటి వారం ఆగాం. ఆమె కొడుకు కేశవ రష్యాకు పోయి పదకొండు నెలలైంది. గోడౌన్లో సామాన్లు ఎత్తిపెట్టే పని అని చెప్పి కదిరి ఏజెంటు భరత్‌కుమార్ పంపించాడు. నాలుగు నెలలుగా వాడి నుంచి ఫోను లేదు. వాణ్ని యుద్ధంలోకి తోలారని ఊరంతా అనుకుంటోంది గానీ ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. ఆ గురువారం పొద్దున్నే గొర్రెల దొడ్డి తడిక తీస్తుండగా ఆమె ఫోనుకు రికార్డు చేసి పంపిన ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాని భాష. ఆ భాష తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల చౌడేశ్వరి ఒక్కతే.

కేశవ సంతకం పెట్టిన కాగితాన్ని వాడికి చదివి వినిపించింది కూడా ఆ చౌడేశ్వరేనని ఆంజినమ్మకు తెలియదు.

“ముందు నీళ్లు తాగు వదినా,” అని చెంబు అందించింది చౌడేశ్వరి.

“నీళ్లకేమిలే. ముందు ఇది ఇను.”

ఆంజినమ్మ కొంగు ముడి విప్పి ఫోను తీసింది. ఒక మూల అద్దం పగిలిన ఫోను. పోయేముందు కేశవ కొనిచ్చింది. ఊరి నుంచి ఇక్కడిదాకా ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు. బస్సులో పక్కసీటు మనిషి పలకరించినా పలకలేదు.

చౌడేశ్వరి పుట్టిన ఊరికే ఆంజినమ్మ కోడలిగా వచ్చింది. అప్పటికి చౌడేశ్వరికి పదేళ్లు. కొత్త కోడలి వెంట గొర్రెల మేతకు పోయి, ఆమె కట్టుకొచ్చిన సద్దిలో సగం తానే తినేది. ఆ చనువుతోనే కేశవ కూడా అత్తా అత్తా అంటూ ఈ అంగడికి వచ్చిపోయేవాడు.

అంగడిలో ఉక్కగా ఉంది. ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. వేరుశనగ వేయాల్సిన చేలు దున్ని అట్లే వదిలేశారు. గాలి లేచినప్పుడల్లా ఆ మన్నంతా రోడ్డు మీదికి వచ్చి, కుట్టి పెట్టిన బడి యూనిఫారాల మీద ఎర్రగా పడుతోంది. చౌడేశ్వరి వాటి మీద దుప్పటి కప్పి, స్టూలు లాక్కొని కూర్చొని, ఫోను చెవికి ఆనించుకుంది.

నాలుగు నిమిషాల పద్దెనిమిది సెకన్ల మాట అది.

“అమ్మా, నా పేరు గలీనా. సరిహద్దు దగ్గర మిలిటరీ ఆసుపత్రిలో వార్డులు ఊడ్చి తుడిచే పని నాది. మీ అబ్బాయి బతికే ఉన్నాడు. ముందు ఆ మాట వినండి. ఎడమ తొడలో ఇనుప ముక్క దిగితే తీసేశారు. కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. వాళ్ల ఫోన్లు లాక్కున్నారు, అందుకే నా ఫోను నుంచి పంపుతున్నాను. మీ నంబరు వాడికి నోటికి వచ్చు.

“నడవగలిగిన వాళ్లందరినీ శనివారం తిరిగి ముందు వరుసకు పంపిస్తారు. మనుషులు లేరమ్మా. మొదట జైళ్లలో వాళ్లను తీసుకుపోయారు. తర్వాత మా ఊళ్లలో మగవాళ్లను తీసుకుపోయారు. ఇప్పుడు మా భాష రాని పిల్లల్ని ఎక్కడెక్కడి నుంచో తెస్తున్నారు. పక్క దేశం మీదికి పోయిన రోజున మూడు వారాల్లో అయిపోతుందన్నారు. మా ఆయన కారుకు జెండా కట్టాడు. దారం నేనే తెచ్చి ఇచ్చాను. ఆయన తిరిగి రాలేదు. మా తమ్ముడు ఒక చెయ్యి లేకుండా వచ్చాడు. నేను పని చేసిన ఫ్యాక్టరీకి బయటి దేశాలు యంత్రాల సామాను పంపడం మానేశాయి. సగం మూతపడింది. ఇప్పుడు అంగట్లో వెన్న చేతిలోకి తీసుకొని మళ్లీ అక్కడే పెట్టేస్తున్నాం. జాలి పడమని చెప్పడం లేదు. చేతికి చిక్కిన మనిషిని వీళ్లు సులువుగా వదలరని మీకు తెలియాలి.

“కేశవతో వచ్చిన పొడుగాటి అబ్బాయి, జయరాముడు, చనిపోయాడు. పైనుంచి బాంబు వస్తుంటే సార్జెంటు పడుకోండి అని అరిచాడట. ఆ అబ్బాయికి ఆ మాట తెలియదు. ఏమన్నాడు అని నిలబడి అడిగాడట. కేశవ పక్కవాళ్లను చూసి పడుకున్నాడు. కేశవకు రొట్టె, నీళ్లు, అమ్మ, మేలు అనే మాటలు చక్కగా వచ్చు. ఎవరో ఓపిగ్గా నేర్పినట్టున్నారు.

“ఇంకొకటి. బయటి దేశాల పిల్లల కోసం అర్జీలు రాసే లాయరమ్మ ఒకామె ఇక్కడుంది. కాగితం చదివి వినిపించిన మనిషి, వేరే పని అని చెప్పి సంతకం పెట్టించామని రాసి ఇస్తే, విచారణ అయ్యేదాకా కేశవను పంపకుండా ఆపే వీలుందంటోంది. గట్టిగా చెప్పలేనంటోంది, కానీ వీలుందంటోంది. చదివిందెవరని వాడికి వచ్చిన మాటలతో, సైగలతో కేశవను మూడుసార్లు అడిగాను. ఎవరూ లేరు, నేనే చదువుకున్నానంటాడు. వాడికి మా అక్షరాలు రావు. ఎవరి పేరో దాస్తున్నాడు. అమ్మా, ఆ మనిషి ఎవరో కనుక్కోండి. శుక్రవారం సాయంత్రంలోగా నాకు పంపండి.”

మొదటి మాటలకే చౌడేశ్వరి వీపు నిటారుగా చేసుకుంది. చివరికి వచ్చేసరికి బల్ల మీది కత్తెర తీసి చేతిలో పట్టుకొని ఉంది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు.

“బతికుండాడా?” అంది ఆంజినమ్మ.

“బతికుండాడు వదినా. తొడకు దెబ్బ తగిలింటే బాగు చేసినారంట. కర్ర పట్టుకొని నడుస్తాండాడు.”

ఆంజినమ్మ ఫోను తీసుకొని రెండు కళ్లకూ అద్దుకుంది. తర్వాత చెంబు ఎత్తి గటగటా నీళ్లు తాగి, మూతి తుడుచుకొని, నేల మీదనే గోడకు ఆనుకొని కూర్చుంది.

“ఇంతేనా?”

“అంతే వదినా.”

“ఆయమ్మ అంతసేపు మాట్లాడె. నువ్వు రెండు ముక్కల్లో అయిపోగొడ్తివే.”

చౌడేశ్వరి టేపును వేలికి చుట్టుకుంటూ శనివారం సంగతి చెప్పింది. ఆంజినమ్మ చాలాసేపు ఆ మాటను పట్టుకోలేకపోయింది.

“కర్ర పట్టుకొని నడిచేవాణ్ని యుద్ధానికి ఎట్ల పంపిస్తారు?”

“వాళ్లకు మనుషులు లేరంట. ఆయమ్మ మొగుడు గూడా పోయినాడంట. ఫ్యాక్టరీలు మూతబడినాయంట.”

“పక్కోళ్ల మీదికి పోయింది వాళ్లు గదా. వాళ్ల మనుషులు సాలకపోతే నా కొడుకేం చేసినాడు? ఆ రెండు దేశాలూ యాడుండాయో గూడా వాడికి తెల్దు.”

చౌడేశ్వరి టేపును వేలి నుంచి విప్పి బల్ల మీద పెట్టింది. జయరాముడి సంగతి చెప్పింది. పడుకోమన్న మాట తెలియక నిలబడిపోయాడని కూడా చెప్పింది.

“రామసుబ్బమ్మ కొడుకా?” అంది ఆంజినమ్మ. “ఆయమ్మ మొన్న సంతలో అగుపడి, మీవాడు ఫోన్ చేసినాడా, మావాడి గురించి ఏమన్నా చెప్పినాడా అని అడిగె. ఇద్దరూ ఒకే తాన ఉండారులే, ఒకరికొకరు తోడు అని నేనే ధైర్యం చెప్తిని.”

రోడ్డు మీద పుట్టపర్తి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. చౌడేశ్వరి లేచి యూనిఫారాల మీద దుప్పటి సర్దింది. సర్దాల్సిన అవసరం లేకపోయినా మళ్లీ సర్దింది.

“ఇంకా ఉండాది,” అంది ఆంజినమ్మ.

“ఏముంది వదినా?”

ఆంజినమ్మ ఫోను ముందు పెట్టుకొని ఆ గొంతును మళ్లీ మొదలుపెట్టింది. గొర్రె ఎక్కడ అరిచిందో చెవితోనే పట్టే మనిషి ఆమె. కళ్లు మూసుకొని విన్నది. మూడు నిమిషాలు దాటాక వేలు పెట్టి ఆపింది.

“ఈడ. కేశవా అని ఈడ మూడోసారి అనింది. అప్పుడే నువ్వు కత్తెర చేతికి తీసుకుంటివి. ఇంతవరకు చెప్పినవన్నీ దీనికి ముందరివి. ఇక్కణ్నించి ఏం చెప్పింది?”

చౌడేశ్వరికి అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తానంది అని చెబితే సరిపోతుంది. ఈ భాషలో తాను ఏమి చెబితే అదే నిజం. కాదనే మనిషి ఈ జిల్లాలో లేడు. పదకొండు నెలల కిందట కదిరిలో ఆ ఏజెంటు గదిలో కూడా సరిగ్గా ఇట్లాగే ఉండింది.

ఆ భాష ఆమెకు బడిలో రాలేదు. పెళ్లయిన ఆరేళ్లకే మొగుడు లారీ ప్రమాదంలో పోతే, పుట్టపర్తిలో చిన్న గది అద్దెకు తీసుకొని, యాత్రకొచ్చే విదేశీయులకు తెల్లబట్టలు కుట్టింది. వాళ్లలో రష్యావాళ్లు ఎక్కువ. లుద్మిల అనే పెద్దావిడ ఏడాదిలో ఆరు నెలలు అక్కడే ఉండి, సాయంత్రాలు అంగట్లో కూర్చొని ఈమెకు మాటలు నేర్పింది. కొలతలు రాసుకోవడానికి అక్షరాలు నేర్పింది. ఇరవై ఏళ్లలో చౌడేశ్వరి ఆ భాషలో బేరమాడింది, తిట్టింది, నవ్వింది. వాళ్ల దేశం పక్క దేశం మీదికి పోయిన పది రోజులకే లుద్మిల కార్డు ఏటీఎంలో పనిచేయలేదు. మూడు బ్యాంకులు తిరిగి వచ్చి ఆమె ఈ స్టూలు మీదే కూర్చుంది. ముప్పయ్యేళ్లు టీచరు పని చేసిన పింఛను అక్కడే ఉంది, ఇక్కడికి రాదు. “మా వాళ్లు చేసిన పనికి నేను సిగ్గుపడుతున్నాను, అయినా ఆకలి వేస్తోంది,” అంది. చౌడేశ్వరి ఆ రోజు ఆమెకు సంగటి పెట్టింది. నలభై మంది గుంపు ఒకటి రావాల్సింది రాలేదు. వాళ్ల కోసం కత్తిరించిన తెల్లగుడ్డ అట్లే ఉండిపోయింది. ఏడాదికి లుద్మిల ఎట్లాగో టికెట్టు సంపాదించుకొని పోయింది. చౌడేశ్వరి గది ఖాళీ చేసి, రష్యా అక్షరాలున్న తన బోర్డును ఆటోలో వేసుకొని కొత్తచెరువుకు వచ్చి, రవికెలకూ బడి యూనిఫారాలకూ దిగింది. ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చిన భాష పలకరించే మనిషి లేక నోట్లోనే ఉండిపోయింది.

అందుకే భరత్‌కుమార్ ఇస్త్రీ చొక్కాతో ఆ బోర్డు కింద నిలబడి “మేడం, మీకు రష్యన్ వచ్చా?” అన్నప్పుడు ఆమెకు అంత సంతోషం కలిగింది. అతను ఇచ్చింది రెండు రవికెల కూలి. దుడ్ల కోసం పోయిందంటే అది పూర్తి నిజం కాదు. కారులో ముందు సీటులో కూర్చోబెట్టి మేడం అని పిలిచాడు, అదీ సంగతి. కదిరిలో ఆ గదిలోకి పోతే జయరాముడూ కేశవా బెంచీ మీద కూర్చొని ఉన్నారు. మూడో బోరు కూడా ఎండిపోయి, సగం మంద అమ్మేసి వచ్చిన కేశవ, ఆమెను చూడగానే “నువ్వా అత్తా, ఇంక భయం లేదు,” అన్నాడు.

ఆ మాటలన్నీ ఇప్పుడు అంగడి నేల మీద కూర్చున్న వాడి తల్లికి చెప్పింది చౌడేశ్వరి. ముందు ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆపుకోలేక ఒకే బిగిన.

“కాగితం చదివింది నేనే వదినా. తొలి వరసలో పెద్దక్షరాలతో రెండు మాటలుండె. ఒకటి స్లూజ్బ. లుద్మిలమ్మ పొద్దున్నే ప్రార్థనకు పోతా స్లూజ్బకు పోతాండా అనేది. సేవ అని నాకు తెలుసు. దానికి ముందర ఇంకో మాట ఉండె. వయెన్నయ.”

“అంటే?”

“వైనా అంటే యుద్ధం. లుద్మిలమ్మ పొయ్యేదాకా ఏడాది పొడుగునా ఆ మాట మా అంగట్లో ఇన్నా. వాళ్లు గొంతు తగ్గించి అనేది ఆ ఒక్క మాటే. కాగితం మీద సూడగానే అదీ దాని సంబంధమేనని అనిపించె. వేలు పెట్టి భరత్‌కుమార్‌ను అడిగితి. అది డిపార్ట్‌మెంటు పేరు మేడం, అన్ని కాగితాల మీదా ఉంటుంది అనె. అట్లనా అని ఊరకుంటి. నమ్మి ఊరకుండలేదు వదినా. మళ్లా అడిగితే నాకు భాష సరిగ్గా రాదనుకుంటాడేమోనని ఊరకుంటి.”

ఆంజినమ్మ చెంబును పక్కకు జరిపింది.

“కేశవ కాగితం సూడలేదు. నా మొగమే సూస్తాండె. ఏం పనత్తా అనె. సేవ అని రాసినారురా అని చెప్తి. సేవనా, అయితే మంచిదే అని నవ్వి సంతకం పెట్టె. వాణ్ని సూసి జయరాముడూ పెట్టె. నెల తిరగ్గానే వాడు నాకు ఫోన్ చేసి, అత్తా, తుపాకీ పట్టుకునేది నేర్పిస్తాండారే అనె. అలవాటు కోసమేమోలే అని చెప్తి. అప్పుడు గూడా నీకాడికి వచ్చి చెప్పలేదు.”

అంతా అయ్యాక, గలీనా చివర చెప్పింది కూడా చెప్పింది. లాయరమ్మ సంగతి, రాసివ్వాల్సిన కాగితం సంగతి, శుక్రవారం గడువు. కేశవ ఆమె పేరు దాచిపెట్టిన సంగతి మాత్రం చెప్పడానికి నోరు రాక, రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది.

ఆంజినమ్మే అడిగింది. “వాడు నీ పేరు చెప్పలేదంటనా?”

“మూడుసార్లు అడిగినా చెప్పలేదంట.”

“నీ మీద కేసు పడుతుందని భయపడినాడేమో.”

“అదే అయ్యుంటాది వదినా.”

“తొడలో ఇనుము పెట్టుకొని ఆడ పండుకొని, నీకు కేసు పడుతుందని ఆలోచించినాడు వాడు,” అంది ఆంజినమ్మ నిదానంగా. ఆ మాటను తనకు తానే మళ్లీ ఒకసారి చెప్పుకున్నట్టు పెదాలు కదిలాయి. “నేను గొర్రెలు కాసేదాన్ని. నాకు మన అక్షరాలే రావు. నీకు ఆళ్ల అక్షరాలు గూడా వచ్చునని ఊర్లో అందరికీ గొప్పగా చెప్పుకుంటి.”

చౌడేశ్వరి తల దించుకొని ఆమె కాళ్ల దగ్గరికి జరగబోయింది. ఆంజినమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

“వద్దు. నిన్ను నేనిప్పుడు తిట్టను. తిడితే నువ్వు ఏడుస్తావు, ఏడిస్తే రాయలేవు. పొద్దు పోతాండాది. లేసి రాయి.”

చౌడేశ్వరి లేచింది. కొలతలు రాసుకునే నోటుపుస్తకంలో వెనక వైపు నుంచి ఒక తెల్లకాగితం చించి, మిషను బల్ల మీద పరిచింది. ఆ భాషలో మాట్లాడటం వేరు, రాయడం వేరు. ఆమెకు తెలిసినవి పెద్దక్షరాలే. బోర్డు మీద రాసినట్టు ఒక్కో అక్షరం దిద్దుతూ, పేరు రాసింది, ఊరు రాసింది. కేశవకు మా భాష తప్ప ఇంకోటి రాదు అని రాసింది. గోడౌన్ పని అని ఏజెంటు చెప్పాడు అని రాసి, భరత్‌కుమార్ పేరు కూడా రాసింది.

తర్వాత పెన్ను ఆగింది. ఇక్కడ రెండు రకాలుగా రాయొచ్చు. ఏజెంటు నన్ను కూడా మోసం చేశాడు, ఆ మాటకు అర్థం నాకు తెలియదు అని రాయొచ్చు. పోలీసులు వచ్చినా, రామసుబ్బమ్మ వచ్చినా ఆ ఒక్క వరస తనను కాపాడుతుంది. అది అబద్ధమని నిరూపించే మనిషి లేడు. ఆమె ఆ వరస మనసులో ఒకసారి కూర్చుకొని చూసింది. చక్కగా కుదిరింది కూడా.

“ఏం ఆగితివి?” అంది ఆంజినమ్మ.

“మాట గుర్తు తెచ్చుకుంటాండా.”

గుర్తు తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. కర్ర ఊతతో మంచం దిగి, ముక్కూ మొగం తెలియని ఊడ్చే ఆమెతో ‘ఎవరూ లేరు, నేనే చదువుకున్నా’ అని చెబుతున్న కేశవ మొహం ఆమెకు కనిపించింది. చౌడేశ్వరి పెన్ను గట్టిగా పట్టుకొని రాసింది: “ఆ మాట యుద్ధానికి సంబంధించినదని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. సేవ అని చెప్పాను. నా మాట నమ్మి కేశవ, జయరాముడు సంతకం పెట్టారు.” కింద తెలుగులో సంతకం చేసింది.

“సదువు,” అంది ఆంజినమ్మ.

చౌడేశ్వరి కాగితం పట్టుకొని ఒక్కో వరసకూ తెలుగులో అర్థం చెప్పింది. ఆంజినమ్మ అంతా విని, కాగితం వైపు చూసింది. తనకు గీతలుగా మాత్రమే కనిపించే ఆ అక్షరాల మీద ఆమె చూపు చాలాసేపు తిరిగింది.

“ఈసారి ఉన్నదున్నట్టే సదివినావని నాకు ఎట్ల తెలియల్ల?”

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే అడిగింది. చౌడేశ్వరి ఏదో చెప్పబోయి, దేవుని మీద ఒట్టు అనబోయి, మానుకుంది.

“తెలిసేదానికి దారి లేదు వదినా.”

“లేదు గదా,” అని తల ఊపింది ఆంజినమ్మ. “సరే, పంపించు.”

కాగితాన్ని ఫోటో తీసి పంపించారు. అందినట్టు రెండు గీతలు పడ్డాయి గానీ, చూసినట్టు నీలం కాలేదు. అక్కడ ఇంకా గలీనా పని ముగిసి ఉండదు అనుకుంది చౌడేశ్వరి. ఫోను ఇద్దరి మధ్యా నేల మీద పెట్టుకొని కూర్చున్నారు. రామసుబ్బమ్మ దగ్గరికి ఎవరు పోవాలన్న మాట ఇద్దరి మనసులోనూ ఉంది.

“నేను పోతా,” అంది చౌడేశ్వరి చివరికి.

“నువ్వొక్కదానివే పోగూడదు. ఇద్దరం పోదాం. నీకు తోడుగా కాదు. ఆయమ్మ కోసం.”

ఆంజినమ్మ లేచి కొంగు దులుపుకుంటుండగా అంగడి ముందు తెల్లకారు ఆగింది.

కదిరికి పోయివచ్చిన రోజు తర్వాత చౌడేశ్వరి ఆ కారును చూడలేదు. భరత్‌కుమార్ దిగాడు. అదే ఇస్త్రీ చొక్కా, అదే నవ్వు. వెనక సీటులో నుంచి ఇంకొక మనిషి దిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతులనిండా గ్రీజు మరకల ఆనవాళ్లు. చొక్కా మాత్రం కొత్తది, మడతలు కూడా విడలేదు.

“బాగుండారా మేడం? ఈయన రామాంజులు. బోరుబండి మీద పనిచేసేవాడు. నీళ్లు పడేది లేక బోర్లు వేయించుకునేవాళ్లే లేరు కదా, బండి అమ్మేసినారంట. ఆడ వంటశాలలో పని చూసినాం. ఒక్క కాగితం, అయిదు నిమిషాలు,” అంటూ భరత్‌కుమార్ లోపలికి వచ్చాడు. గోడ దగ్గర నిలబడ్డ ముసలామెను గుడ్డలు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి అనుకొని, చూసీ చూడనట్టు దాటుకొన్నాడు. ఆంజినమ్మ అతన్ని ఎప్పుడూ చూడలేదు.

రామాంజులు గడప అవతలే చెప్పులు విడిచాడు. సంచిలో నుంచి కాగితాల కట్ట తీసి, రెండు చేతులతో మిషను బల్ల మీద పెట్టాడు.

“సదివి చెప్పక్కా. నా పెండ్లాము వద్దని ఏడుస్తాంటే, ఆ భాష తెలిసిన అక్క ఒకామె ఉండాది, ఆయమ్మ కాగితం సరిగ్గా ఉండాది అంటేనే సంతకం పెడతా అని చెప్పి వచ్చినా.”

చౌడేశ్వరి తొలి వరస చూసింది. పెద్దక్షరాల్లో అవే రెండు మాటలు.

ఆ కట్ట పక్కనే ఆమె రాసిన కాగితం ఉంది. భరత్‌కుమార్ చూపు దాని మీద పడింది. తెలియని అక్షరాలు, కింద తెలుగు సంతకం. అతని నవ్వు కొంచెం తగ్గింది.

“ఇదేంది మేడం? ఎవరికి రాసినారు?”

“మీకు రాదు గదా ఈ భాష,” అంది చౌడేశ్వరి.

“రాదు కాబట్టే అడుగుతాండా. ఏం రాసినారో చదవండి మేడం.”

ఆంజినమ్మ అతని గొంతు వింటోంది. మేడం అన్న మాట దగ్గర ఆమె తల మెల్లగా అతని వైపు తిరిగింది. చౌడేశ్వరి కాగితం చేతికి తీసుకుంది. రామాంజులు తన కాగితమే చదువుతుందనుకొని, చేతులు కట్టుకొని దగ్గరికి జరిగాడు.

“నా పేరు చౌడేశ్వరి,” అని తెలుగులో చదవడం మొదలుపెట్టింది. “మాది కొత్తచెరువు. కేశవకు మా భాష తప్ప ఇంకోటి రాదు...”

తన పేరున్న వరస వచ్చేసరికి భరత్‌కుమార్ గిరుక్కున వెనక్కి తిరిగి, బయటికి వినపడకుండా షట్టరు మీద చెయ్యి వేశాడు. ఇనుము కిర్రుమంటూ సగందాకా దిగి, అంగట్లో వెలుతురు తగ్గిపోయింది.

“ఆపొద్దు, సదువు,” అంది గోడ దగ్గర నుంచి ఆంజినమ్మ.